పేరు వెయ్యొద్దన్న పిన్ని

2023లో బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, మలంచా రోడ్డు మీద, ఒక మందుల షాపు మేడపైన నాకు చిన్న ఆఫీసు ఉండేది. మా తాత రైల్వే వర్క్‌షాపులో పనికని విజయనగరం వైపు నుంచి వచ్చాడు. నాన్న కూడా అందులోనే రిటైరయ్యాడు. నేను మాత్రం చిన్న వ్యాపారులకు బ్లాగులు రాసిపెట్టే పనిలో పడ్డాను. మిఠాయి దుకాణాలవాళ్లు, ట్యూషన్ మాస్టర్లు, ఇంట్లో బట్టలు కుట్టే ఆడవాళ్లు నా కస్టమర్లు. నేను చేసేదాన్ని పర్సనల్ బ్రాండింగ్ అంటారు. సరుకు కన్నా ముందు ఆ సరుకు వెనకున్న మనిషిని పరిచయం చేయడం అన్నమాట.

ఆ ఏడు వానాకాలంలో సత్యవతి పిన్ని నా దగ్గరికి వచ్చింది. ప్రేమ్ బజార్‌లో ఆమెకో టిఫిన్ సెంటర్ ఉంది. ఇంజినీరింగ్ కాలేజీ తెలుగు పిల్లలంతా పొద్దున్నే అక్కడే చేరతారు, ఆమెను పిన్ని అని పిలుస్తారు. నాకూ అదే అలవాటైంది. ఆమె పేజీ రాయడం నాకు చాలా సులువైంది. ఇడ్లీపిండి ఎలా రుబ్బుతుందో, తోపుడుబండితో మొదలుపెట్టి షాపు దాకా ఎలా వచ్చిందో ఆమె చెబుతుంటే రాసుకుంటూ పోయాను. ఇక మిగిలింది ఎబౌట్ పేజీ. యజమాని ఎవరు, ఇంట్లో ఎవరెవరున్నారు అని చెప్పే పేజీ అది.

"బాబాయి ఏం పని చేస్తారు పిన్నీ?" అని అడిగాను.

"ఆయన ఊసు ఒద్దమ్మా. ఒగ్గీ," అంది.

సరేనని వదిలేశాను. నెల తిరక్కుండానే ఆయనే నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. సన్యాసిరావు బాబాయి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కుర్చీ చూపించినా చాలాసేపు కూర్చోలేదు.

"అమ్మాయ్, నాకూ అలాటి పేజీ ఒకటి సెయ్యాల. నాను శవాల బండి నడుపుతాను. ఫ్రీజర్ బాక్సు కూడా ఉంది."

ఆయనే చెప్పుకొచ్చాడు.

"మొన్న ఆస్పత్రిలో ఒక తల్లి, మన తెలుగావిడే. మొగుడితో కల్సి కూతుర్ని సూడ్డానికి ఒచ్చినాది, ఆయన ఇక్కడే పోయినాడు. కూతురికీ ఊరు కొత్తే. ఆవిడకి బెంగాలీ రాదు, హిందీ రాదు. గేటు కాడ శవాల బళ్ల బ్రోకర్లు తలో మాటా సెప్పినారు. పొద్దంతా శవం పక్కన అలగే కూకుండిపోనాది. నాను ఆ ఈదిలోనే ఉన్నాను. ఆవిడకి నా సంగతి తెలీదు, నాకు ఆవిడ సంగతి తెలీదు."

ఆయన కోరింది ప్రచారం కాదు. అలాంటివాళ్లు ఫోనులో తెలుగులో వెతికితే ఏదో ఒకటి దొరకాలి, అంతే. నేను ఒప్పుకున్నాను. మర్నాడు సత్యవతి పిన్ని కోపంగా వచ్చింది.

"ఆయన బండిని షాపు ఛాయలకి కూడా రానియ్యను నాను. శవాన్ని ముట్టుకున్న సేతులున్న ఇంట్లోంచి ఇడ్లీ ఒస్తాదని తెలిస్తే ఎవుడు తింటాడు? ఈ షాపు కోసం ఎంత సాకిరీ సేసినానో నీకు తెలీదేటి?"

ఆమె భయంలో తప్పేమీ లేదు. తిండి వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకానికి చిన్న అనుమానం చాలు. చివరికి ముగ్గురం ఒక మాట మీదికి వచ్చాం. బ్లాగు ఉంటుంది, పేరు ఉండదు, ఫోటో ఉండదు, ఫోన్ నంబరు ఒక్కటే ఉంటుంది. పేరూ ముఖమూ లేని బ్రాండింగ్ చేయడం నాకదే మొదలు.

బాబాయి చెబుతుంటే నేను టైపు చేశాను. ఆసుపత్రి నుంచి ముందు ఏ కాగితం తీసుకోవాలి, ప్రమాదంలో పోతే పోలీసుల దగ్గర ఏం అడగాలి, దూరప్రయాణమైతే బండిలో ఏమేం ఉండాలి. అన్నీ చిన్న చిన్న పోస్టులు. ఒక చోట ఆయన ఆగి, "ముందు ఏడవనియ్యండి అని రాయమ్మా. కాగితాలు ఎక్కడికీ పారిపోవు," అన్నాడు. అలాగే రాశాను.

ఆ బ్లాగు చదివి కొందరు ఫోన్ చేసేవారు. కొందరు మధ్యలోనే పెట్టేసేవారు. ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

శీతాకాలంలో ఒక ఉదయం, కొత్త వంటకాల ఫోటోలు తీయడానికి నేను టిఫిన్ సెంటర్‌కు వెళ్లాను. బాబాయి బండిని బ్రేకులు చూపించడానికి గ్యారేజీకి తీసుకెళుతూ, దాన్ని దూరంగా ఆపి వచ్చి తన ఫోను షాపులో ఛార్జింగ్‌కు పెట్టి వెళ్లాడు. అది మోగింది. పిన్ని చేయి తుడుచుకుని తీసింది. అవతలి గొంతు ఎంత గట్టిగా ఉందంటే, పక్కనున్న నాకూ వినబడింది.

"అమ్మా, బండి కోసం చేసిన. మా నాయిన నన్ను చూడనీకి వచ్చిండు. పొద్దుగాల్ల పోయిండు. ఈడ పెద్దాస్పత్రిల ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తుండు. నాకు బెంగాలీ రాదు. మీరెవరో నాకు తెల్వది. మిమ్మల్ని ఎట్ల నమ్మాలె?"

షాపు నిండా పిల్లలున్నారు. బయటికి వెళ్లి మాట్లాడుతుందనుకున్నాను. ఆమె అక్కడే, పెనం ముందు నిలబడే చెప్పింది.

"నాను ప్రేమ్ బజార్‌లో టిఫిన్ సెంటర్ సత్యవతిని బాబూ. బండి మా ఆయనదే. నువ్వు ఎవుడికీ డబ్బులియ్యకు, ఏ కాగితం మీదా సంతకం ఎట్టకు. అక్కడే ఉండు. మేం ఒస్తన్నాం."

అవతల కాసేపు ఏడుపు వినబడింది. తర్వాత "పిన్నీ, మీరా?" అన్న మాట. అతను వరంగల్ వైపు కుర్రాడు, క్యాంపస్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. వారంలో సగం రోజులు ఆ షాపులోనే తినేవాడు.

పిన్ని పొయ్యి ఆర్పేసింది. తింటున్న పిల్లలతో, "ఇయాల ఇంక నేదు, ఏటీ అనుకోకండి," అని చెప్పి షట్టరు దించింది. ఇద్దరం ఆటోలో గ్యారేజీకి వెళ్లి బాబాయిని కలిసి, బ్రేకుల పని అయ్యాక ముగ్గురం ఆ బండిలోనే ఆసుపత్రికి వెళ్లాం. బాబాయి కాగితాల పని చూసుకున్నాడు. పిన్ని ఆ కుర్రాడి పక్కన బెంచీ మీద కూర్చుంది. టీ తెప్పించి, బలవంతాన తాగించింది. సాయంత్రానికి బండి వరంగల్ బయల్దేరింది.

ఆ మర్నాటి నుంచి ఆమె భయపడినట్టే జరిగింది. సంగతి పిల్లల మధ్య పాకింది. ఒక బృందం రావడం మానేసింది. కొన్నాళ్లు ఇడ్లీలు మిగిలిపోయాయి. మిగిలిన వాటిని చూస్తూ ఆమె కూర్చునేది. "చెప్పకుండా ఉండాల్సిందా పిన్నీ?" అని అడిగాను.

"మరేటి సెప్పమంటావు? అడిగినాడు కదా, మీరెవరూ అని," అంది.

కర్మకాండలన్నీ ముగించుకుని ఆ కుర్రాడు తిరిగొచ్చాడు. గుండు మీద జుట్టు ఇంకా మొలవలేదు. తోటి ఉద్యోగులు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. లోపల కూర్చుని తిన్నాడు. మళ్లీ ప్లేటు చాపి, "ఇంకో రెండు వెయ్యి పిన్నీ," అన్నాడు. ఆమె వేసి, వెనక్కి తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది. మానేసినవాళ్లలో కొందరు నెమ్మదిగా వచ్చారు. కొందరు ఇప్పటికీ రారు.

ఆ వారమే ఆమె నాకు ఫోన్ చేసింది. "ఆయన పేజీలో ఆయన పేరెయ్యి. నా పేరు కూడా ఎయ్యి. షాపు ఎక్కడుందో రాయి." మరోసారి ఆలోచించుకోమన్నాను. "ఆలోసించినాను లేమ్మా," అంది. పేరు వేశాక బాబాయికి వచ్చిన ఫోన్లలో మధ్యలో పెట్టేసేవాళ్లు బాగా తగ్గారు.

బ్రాండింగ్ అంటే మనిషిని అందంగా చూపించడం అని నేర్చుకుని నేను ఈ వృత్తిలోకి వచ్చాను. ఫోటోలు, రంగులు, చక్కటి మాటలు అన్నీ కావాలి, కాదనను. కానీ ఇప్పుడు కొత్త కస్టమర్ ఎవరొచ్చినా ముందు వాటి గురించి అడగను. "మీ దగ్గర కొనేవాళ్లు బాగా భయపడిపోయిన రోజున ఫోన్ చేసి, మీరెవరని అడిగితే ఏం చెబుతారు?" అని అడుగుతాను. చాలామంది కాసేపు ఆలోచించి చెబుతారు. వాళ్ల పేజీలో మొదటి వాక్యం అదే అవుతుంది.