లాభంలోంచి ఒకటి తీస్తే

కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుందని చిలకలూరిపేటలో మూడేళ్లపాటు పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పినవాణ్ణి, నేనే ఒకటి నుంచి లెక్కపెట్టి నవ్వులపాలయ్యాను. తప్పంతా మా బావదేనని చాలాకాలం చెప్పుకు తిరిగాను. అందులో సగం నిజం. మిగతా సగం తెలివితక్కువతనం అచ్చంగా నా సొంతం.

బావ, అంటే మా అక్క భర్త, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. అంతకుముందు ఏడాది వార్షికోత్సవంలో పిల్లలు మిరపకోత డాన్సు చేస్తుండగా క్యాసెట్టులో టేపు నలిగిపోయింది. బుట్టలెత్తిన ఆడపిల్లలు ఎత్తినట్టే నిలబడిపోయారు. ఈసారీ అలాగే అయితే డాన్సు తీసేసి ఉపన్యాసం పెడదామన్నారు హెడ్మాస్టారు. ఆ డాన్సంటే బావకు ప్రాణం. నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏరా బామ్మర్దీ, నీ కంప్యూటర్లో పాట నలగదు కదా?"

"నలగదు బావా. నువ్వు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది" అని కోతలు కోశాను.

అప్పట్లో నాకు ట్రాకర్ అనే, కంప్యూటర్లో పాటలు కట్టే ప్రోగ్రాం పిచ్చి. అందులో పాటను ముక్కలుగా కట్టుకుంటాం. ఒక్కో ముక్క ఒక ప్యాటర్న్. ఏ ముక్క తర్వాత ఏది మోగాలో చెప్పే అంకెల వరసను ఆర్డర్ అంటారు. నేను ఏడు ముక్కలు కట్టి, ఆ వరస చదివి వాయించే ప్రోగ్రాం సి భాషలో రాశాను. చివరి ముక్క మాత్రం స్పేస్‌బార్ నొక్కేదాకా తిరుగుతూనే ఉంటుంది. అంతా కలిపి ఒక్క ఫ్లాపీ.

వరస మాత్రం బావ చీటీ మీద రాసిచ్చాడు. "లాభం రెండుసార్లు, రెండు, మూడు, మళ్లీ రెండు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి." వాళ్ల నాన్నగారు గుంటూరు మిర్చియార్డులో బస్తాలు లెక్కపెట్టేవారు. అక్కడ మొదటి బస్తాను ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొక్కటి అంటారు. బావ పిల్లల చేత కవాతు కూడా "లాభం, రెండు! లాభం, రెండు!" అనే చేయించేవాడు.

లాభం అని ఉన్నచోట నేను 1 కొట్టాను. ట్రాకర్లో మొదటి ముక్క 0. రిహార్సల్లో పాటంతా ఒక మెట్టు జరిగింది. పిల్లలు నారు నాటుతుంటే కోత పాట మోగింది. చివర్న వాళ్లు బుట్టలెత్తగానే చప్పుడే లేదు.

"ఏదిరా పాట?"

"ఏడు లేదు బావా."

"నా ముందు ఆ మాట అనకు!"

"సరే, మొదటిదానికి సున్నా వేసి దిద్దుతాను."

"లాభం ఉండాల్సిన చోట సున్నా పెడతావా? పిల్లలు నారు నాటుతున్నార్రా, అపశకునం!"

వాదించి వాదించి నోరు నొప్పెట్టింది. చివరికి ఆయన రాసిన ప్రతి అంకెలోంచీ గుట్టుగా ఒకటి తీసేసే లైను ప్రోగ్రాంలో చేర్చాను. కాగితం మీద లాభం, లోపల సున్నా. చాలా వ్యాపారాలు ఇలాగే నడుస్తాయట.

అక్కడితో అయిందా? ఆర్డర్లు వేయడం డ్రిల్లు మాస్టారి వృత్తి, మార్చడం సరదా. పొద్దున మూడోది వద్దనేవాడు, మధ్యాహ్నం అదే రెండుసార్లు కావాలనేవాడు. ఆఖరికి చివరి ముక్కలో బుట్ట పిల్లలు కాదు, రైతు వేషం కట్టి తానే ఎత్తుతానన్నాడు. "ఆర్డర్ మారిందిరా!" అన్న కేక వీధి మలుపులో వినపడితే నేను మళ్లీ కీబోర్డు ముందు కూర్చునేవాణ్ణి. పైగా స్టాఫ్‌రూములో అందరి ముందూ, "మావాడికి అంకెలు రావు గానీ, స్పేస్‌బార్ నొక్కడం బాగా వచ్చండీ" అన్నాడు.

వార్షికోత్సవం సాయంత్రం పాట ఎక్కడా తడబడలేదు. చివరి ముక్కకు పిల్లలు చుట్టూ కూర్చుని చప్పట్లు కొడుతుంటే, రైతు వేషంలో బావ మధ్యలోకొచ్చి ఎండుమిరపకాయల బుట్ట రెండు చేతులా పైకెత్తాడు. పాట ఆగేదాకా దించకూడదన్నది ఆయన వేసిన ఆర్డరే.

నా వేలు స్పేస్‌బార్ మీద ఉంది. ముక్క ఒకసారి తిరిగింది. లాభం, అనుకున్నాను. రెండు. మూడు. బావ నావైపు కళ్లెర్రజేశాడు. నాలుగు. బుట్ట ఓ పక్కకి ఒరిగింది. అయిదు. బుట్టలోంచి మిరప ఘాటు బావ ముక్కుకెక్కింది. ఆరు. బుగ్గల మీద నీళ్లు ధారకట్టాయి.

ముందు వరసలో హెడ్మాస్టారు పక్కాయనతో అంటున్నారు: "మాస్టారు ఎంత లీనమైపోయారో చూశారా! వచ్చే ఏడు కూడా ఈ డాన్సు ఉండాల్సిందే."

తర్వాతి అంకెను ఎలా పలకాలో నాకు తెలియక కాదు. బావ కళ్లలోకి చూస్తూ, "ఏడు" అని హాయిగా పైకే అని, స్పేస్‌బార్ నొక్కాను.