మెరుపు కోసం చేసిన లామినేషన్

గరివిడిలో నాది జిరాక్స్ షాపు. ఈ రోజు మధ్యాహ్నం ఒక డిగ్రీ అమ్మాయి చిన్నప్పటి నుంచి దాచుకున్న క్రికెట్ కార్డు తెచ్చింది. కదిపితే చాలు, దాని మీద ఏడు రంగులూ పరిగెడుతున్నాయి. కార్డులు సేకరించేవాళ్ల గ్రూపులో పెట్టాలట, స్కాన్ చెయ్యమంది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మెరుపు పోయి నల్లటి మచ్చలా వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నాకు పంతం వచ్చేసింది. ఆ అమ్మాయి ఫోన్ మాట్లాడుతూ బయటికెళ్లగానే, పైన ప్లాస్టిక్ వేస్తే మెరుస్తుందిలే అనుకుని కార్డుని లామినేషన్ మిషన్లో పెట్టేశాను. ఆధార్ కార్డు నుంచి పెళ్లి ఫొటో దాకా ఇక్కడ ఏది చేతికొచ్చినా చేసేది అదే కదా! వేడికి కార్డు మీది మెరుపు రేకు బుడగలు లేచిపోయింది.

"ఏటి సేసీసినారన్నా?" అంది లోపలికొచ్చి.

"స్కాన్లో మెరుపు రావట్లేదని..." నసిగాను.

"స్కాన్లో రాదన్నా. ఎండలో పట్టుకుని, ఇలా వొంచుతూ ఫోన్‌తో వీడియో తీస్తే వస్తాది" అని ఖాళీ చెయ్యి వాల్చి చూపించింది. "పోన్లెండి, మంచికే సేసినారు."

తిట్టినా బాగుండేది. ముందే ఒక్క మాట అడిగుంటే నా సొమ్మేం పోయేది? మీరెవరైనా ఇలా అడక్కుండా ఒకరి వస్తువు పాడుచేశారా? చేసుంటే చెప్పండి, కాస్త తోడుంటుంది.

ఆ అమ్మాయి కార్డు పట్టుకుని ఎండలోకి నడిచి వెళ్లిపోయింది. నేను వేసిన ప్లాస్టిక్ మాత్రం వీధి చివరిదాకా మెరుస్తూనే ఉంది.