ఎడమచేతి పువ్వులు

తొంభైల చివర్లో, నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా మా అమ్మకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి పిడికిలి బిగుసుకుపోయింది. నరసాపురం పక్కన మా పేటలో ఆడవాళ్లంతా లేసు అల్లేవారు, ఆ పనికి అమ్మ పెట్టింది పేరు. నెల తిరక్కుండానే దారం పంచే ఏజెంటు వచ్చి, అమ్మ బుట్టలో మిగిలిన ఉండలు పక్కింటికి ఇచ్చేయబోయాడు.

"ఇంక మీరు రెస్టు తీసుకోండమ్మా. ఆ చెయ్యి రాదు కదండీ," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బుట్ట లాక్కుని, "పది రోజులు ఆగండి," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

ఆ మర్నాడే కాలేజీలో జువాలజీ లెక్చరర్ గారు మెదడు బొమ్మ వేశారు. కుడిచేతిని మెదడులో ఎడమ సగం నడుపుతుందట, ఎడమచేతిని కుడి సగం. రెండింటి మధ్యా నరాల పోగుల వంతెన. ఒక చెయ్యి నేర్చుకున్నది ఆ వంతెన మీదుగా అవతలి సగానికీ కొంత చేరుతుందని ఆయన అనగానే నేను నోట్సు రాయడం మానేశాను. ముప్ఫయ్యేళ్ల పని అవతలికి చేరకుండా ఎలా ఉంటుంది?

ఇంటికొచ్చి చెబితే అమ్మ విసుక్కుంది. "నీ చదువు నా మీద చూపించకే," అంది ముద్దమాటతో. అయినా ఎడమచేత్తో సూది అందుకుంది. దారాన్ని ఆ బిగిసిన పిడికిలి వేళ్ల మధ్య నుంచి నేనే లాగాను. కావలసినంత బిగువుగా నిలిచింది. మొదటి రోజు అన్నీ చిక్కుముళ్లే. ఐదో రోజు సూది తనంతట తానే తిరుగుతోందని అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తొమ్మిదో రోజుకు, బల్లగుడ్డల్లో కలిపే లేసు పువ్వు ఒకటి పూర్తయింది.

ఏజెంటు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "పని బానే ఉందండీ. కానీ అల్లిక అటు తిరిగిందేంటి? మిగతావాళ్లవన్నీ ఇటు తిరుగుతాయి. బోర్లా వేస్తే వెనకవైపు పైకొస్తుంది. వాళ్ల పువ్వులతో ఒకే బల్లగుడ్డలో కలవదమ్మా."

నిజమే. ఎడమచేత్తో అల్లితే వరస అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. నాకు ఆ సంగతి తట్టనే లేదు. అమ్మకు లేనిపోని ఆశ పెట్టానని సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మ మాత్రం పువ్వును అతని చేతిలోంచి లాక్కుంది.

"కలపొద్దండి," అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "బల్లగుడ్డ మొత్తానికీ దారం ఇక్కడ పెట్టండి. అన్ని పువ్వులూ నేనే అల్లుతాను."

ఏజెంటు దారం సంచీ అరుగు మీద దించాడు.