మద్రాసుకు పచ్చిగా చేరిన రసాలు

ఆగిరిపల్లి చుట్టుపక్కల నాలుగో ఫారంలోనే బడికి దణ్ణం పెట్టినవాళ్లలో నా అంత పేరున్నవాడు లేడు. చదివుంటే ఈపాటికి సముద్రాలన్నీ నా చెప్పుచేతల్లో ఉండేవి. పోనీలే అని ఆ అవకాశం నా స్నేహితుడు నారాయణరావుకి వదిలేశాను.

బొంబాయిలో శిక్షణ ఓడ మీద చదువు ముగించి, నలభై ఎనిమిది వేసవిలో తెల్లటి దుస్తుల్లో దిగాడు. ఆ తెలుపుకి మా మామిడి తోటల్లో కాకులు వారం దాకా కళ్లు తెరవలేదు. ఓడలో ఉద్యోగానికి పిలుపు కూడా వచ్చింది. కానీ వాళ్ల నాన్న పున్నయ్యగారికి కొడుకు తోట చూసుకోవాలని ఆశ.

"అక్కడ ఏం నేర్పార్రా?"

"నక్షత్రాలు చూసి దారి పట్టడం, సరుకు చెడకుండా సర్దడం నాన్నగారూ."

"నక్షత్రాలు మాకూ ఉన్నాయి. మద్రాసుకి రసాల వ్యాగను పోతోంది. నువ్వే సర్ది, నువ్వే చేర్చు. అక్కడ మన సరుకు కొనే షావుకారు మెచ్చుకుంటే ఓడెక్కు. లేదా, తోటే."

మా వాళ్లు కాయల మధ్య వరిగడ్డి కూరి, బుట్టలు బిగించి పేరుస్తారు. ఆ వేడికి దారిలోనే కాయ మాగి పండవుతుంది. వీడు గడ్డి తీయించి, వరుసల మధ్య వెదురు బద్దలు పెట్టి గాలికి దారి వదిలాడు.

"గడ్డి లేకుండా ఏంట్రా ఇది?" అన్నాను.

"సరుకు ఎక్కించినట్టే దిగాలి. మా కెప్టెను మొదటిరోజే చెప్పాడు."

"మీ కెప్టెను రసం తిన్నాడా ఎప్పుడైనా?"

"నోర్మూసుకుని బుట్ట అందుకో."

వ్యాగనుతో పాటు మేమూ వెళ్లాం. దారిలో గూడూరు దగ్గర ఇంజను ఆగితే నేనే ఓ తోపు తోశాను, నమ్మండి నమ్మకపోండి. మద్రాసులో షావుకారు బుట్ట విప్పాడు. ఒక్క కాయకీ మచ్చ లేదు, దెబ్బ లేదు. ఒక్కటీ పండలేదు.

కాయ నొక్కి చూసి నవ్వాడాయన. "రేపు పెళ్లి భోజనాలకి రసాలడిగానండీ. వీటిని మళ్లీ చెట్టుకి తగిలించుకోవచ్చు."

తిరుగు రైలెక్కాం. ఇంటికి రాగానే నారాయణరావు ఉన్నదున్నట్టు తండ్రికి చెప్పాడు.

పున్నయ్యగారు కండువాతో మొహం తుడుచుకుని, "ఒక్కటీ చెడలేదా?" అన్నారు.

"లేదండి."

"ఎక్కించినట్టే దింపావన్నమాట. అది ఓడవాళ్ల పనితనం, తోటవాళ్లది కాదు. బొంబాయి వెళ్లు. కానీ ఎక్కించే ముందు సరుకుగలవాణ్ణి ఓ మాట అడుగు, ఎలా చేరాలండీ అని. అది మీ బళ్లో చెప్పినట్టు లేరు."

బొంబాయి బయల్దేరే రోజు స్టేషన్లో కొడుకు చేతికి ఓ రసాల బుట్ట ఇచ్చారు. గడ్డి ఆయనే కూరారు, చెయ్యి దూరనంత బిగువుగా.

"ఇవెలా చేరాలండీ?" అన్నాడు నారాయణరావు.

పున్నయ్యగారు నవ్వి, బుట్ట మీది తాడు మరోసారి బిగించారు.