తిరుత్తణి మెట్ల మీద బావ కట్టిన మేడ

ఈ పొద్దున అక్క ఫోనులో ఒక ఫోటో పంపింది. మణవాళనగర్‌లో తమ ఇంటి గేటు ముందు బావ నిలబడి, బ్యాంకు తిరిగిచ్చిన ఇంటి పత్రాలను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. పత్రాలకు పైన బట్టతల మాత్రమే కనిపిస్తోంది. అక్క రిటైరైన నెలలోనే ఇంటి అప్పూ తీరిపోయింది. నాకు నవ్వాగలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే మనిషి అప్పు అన్న మాట వినబడితే లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

అప్పుడే బావ ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు. పీఎఫ్ డబ్బు చేతికొచ్చింది. తిరువళ్ళూరులో ఇరవై ఏళ్ళుగా అద్దె ఇల్లు. ఓనరమ్మ పొద్దున ఏడింటికల్లా మోటారు ఆపేసేది. ఆసుపత్రిలో నర్సు అయిన మా అక్క డ్యూటీ దిగి వచ్చేసరికి కొళాయిలో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అందుకని ఇల్లు కొనాలన్నదాంట్లో పేచీ లేదు. ఎట్లా కొనాలన్నదే పేచీ. పీఎఫ్ మొత్తం పోసి కొనేద్దామని బావ. సగమే కట్టి, మిగతాదానికి తన జీతం మీద లోను తీసుకుందామని అక్క. చేతిలో రూపాయి లేకుండా ముసలితనంలోకి పోవాలంటే ఆమెకు భయం, అప్పుతో పోవాలంటే ఆయనకు భయం. వారం రోజులు ఆ ఇంట్లో రసంలో ఉప్పు కూడా సరిగ్గా పడలేదు.

చివరికి తిరుత్తణి సామే తీర్పు చెప్పాలని ముగ్గురం ఎలక్ట్రిక్ రైలెక్కాం. సొంతిల్లు కోరుకునేవాళ్ళు కొండ మెట్ల పక్కన రాయి మీద రాయి పేర్చి మొక్కుకోవడం మావాళ్ళ అలవాటు. అక్క ఎప్పటిలాగే మూడు రాళ్ళు పెట్టి దండం పెట్టుకుంది. బావ మాత్రం పంచె ఎగ్గట్టి, చుట్టుపక్కల పలకరాళ్ళన్నీ ఏరి, మేస్త్రీలా కూర్చుని మేడ లేపాడు. ఆఖరి రాయి పెట్టగానే మేడ ఒక పక్కకు ఒరిగింది. గబుక్కున రెండు చేతులా పట్టుకున్నాడు. వదిలితే కూలుతుంది, వదలకపోతే సామి దర్శనం లేదు.

"చూస్తా నిలబడినావేంది బామ్మర్దీ? ఒక రాయి ఎత్తుకోని రా, అడుగున చెక్కాల!"

"యాడుంది బావా రాయి? అన్నీ నువ్వే పెట్టేసినావు గదా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది. "ఇదే గదయ్యా నేను వారంగా మొత్తుకొనేది," అంది. నవ్వు ఆగాక గొంతు తగ్గించింది. "నాకింకా ఎనిమిదేళ్ళు సర్వీసుండాది. నన్నూ కొంచెం మోయనీ. ఇల్లంతా నీ చెమటతోనే కొంటే, నా చెమట యాడ పోవాల?"

బావ చేతులు వదిలేశాడు. మేడ గలగలమని కూలింది. అందులోంచి ఒక్క రాయి తీసి అక్క పేర్చిన మూడింటి మీద నెమ్మదిగా పెట్టి, "సరి, లోనుకే పెడదాం పో," అన్నాడు. ఆ రోజు దిగివస్తుంటే నాకు కాళ్ళనొప్పులే తెలియలేదు.

వాయిదా అక్క జీతంలోంచి దానంతటదే పోయేది. అయినా బావ నెలనెలా అయిదో తేదీన బ్యాంకుకు నడిచివెళ్ళి, పాసుబుక్కు అచ్చు వేయించుకుని, టీ తాగి, అక్కకు వేడి వడలు కట్టించుకుని వచ్చేవాడు. ఇవాళ ఫోను చేస్తే, వెనక బకెట్లో కొళాయి ధార మోగుతోంది. "లోను అయిపోయింది, సంతోషమే గానీ బామ్మర్దీ, ఇంక అయిదో తేదీ నేను యాడికి పోవాల?" అన్నాడు. వడల కోసం పొమ్మని అక్క లోపలినుంచి కేక వేసింది.

ఎనిమిదేళ్ళంటే ఎప్పటికి తీరేనని ఆ రోజు మెట్ల మీద భయపడ్డాం. ఇంత తొందరగా తీరిపోయాయేమని ఇప్పుడు బెంగగా ఉంది.