వణకని చేయి

హామిల్టన్ తెలుగు చర్చిలో బాలకుమారికి ఒక బిరుదుంది: వణకని చేయి. సభ పెట్టి ఎవరూ ఇవ్వలేదు. ఇరవై రెండేళ్లు ఆసుపత్రి నర్సుగా దొరకని నరాలను దొరకబుచ్చుకుని సంపాదించుకుంది. ఇప్పుడు ఒక స్కిన్ క్లినిక్‌లో ముడతలకు బొటాక్స్ సూదులు వేస్తోంది. ఆదివారం ప్రార్థనలో వంగిన నుదుళ్లలో ఏది దేవుడు చేసిందో, ఏది తను సరిదిద్దిందో ఆమెకు తెలుసు. ఒక్కదాని గురించీ ఇంతవరకు నోరు విప్పలేదు.

ఒక శుక్రవారం సువార్తమ్మ గారు కొడుకు ఆరన్ భార్య జెస్లిన్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. వచ్చే నెలకు అత్తగారి పెళ్లై నలభై ఏళ్లు. చర్చిలో కృతజ్ఞత కూడిక, ఆపైన గ్రూప్ ఫొటో.

"నా సంగతి తర్వాత. ముందు దీనికి వెయ్యి బాలా. కనుబొమల మధ్య ఆ గీత చూడు. ఫొటోలో నేనేదో రాచి రంపాన పెడుతున్నట్టు పడుద్ది."

జెస్లిన్ ఫారం నింపుతోంది. గర్భవతా, బిడ్డకు పాలిస్తున్నారా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. అత్తగారు భుజం మీదుగా చదువుతున్నారు. పెన్ను 'కాదు' దగ్గర టిక్కు పెట్టి, దాని మీదే మరోసారి గీసింది.

మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టని జాతి కాగితానికి మాత్రం ఎందుకు చెబుతుంది? అందుకే తెలుగువాళ్లను ఆ ఒక్క ప్రశ్న బాలకుమారి తలుపు వేసి మళ్లీ అడుగుతుంది.

"ముందు ఫొటో తియ్యాలమ్మా, లోపలికి రా. ఒక్కదానివే."

"నేను చూడని మొహమా అది?" అంటూ సువార్తమ్మ గారు గుమ్మంలో నిలబడ్డారు.

"వెలుతురు అడ్డొస్తందండీ," అని బాలకుమారి నవ్వుతూ తలుపు మూసింది. బల్ల మీద సూది సిద్ధంగా ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఏమన్నా విశేషమా?"

"లేదక్కా." చూపు తలుపు మీదే ఉంది.

"పాస్టరు గారికి కూడా చెప్పను."

జెస్లిన్ కళ్లు నిండాయి. "తొమ్మిదో వారం. ఆరన్‌కి, నాకే తెలుసు. పోయినసారి ముందే అందరికీ చెప్పేశాం, నిలబడలేదు. ఇప్పుడు వద్దంటే అత్తయ్య కనిపెట్టేస్తారు. చిన్న డోసే కదా అనుకున్నా. ఏమన్నా అవుద్దా అక్కా?"

"ఏమీ కాకపోవచ్చు. కానీ కడుపుతో ఉన్నవాళ్ల మీద దీన్ని సరిగ్గా పరీక్షించి చూసినోళ్లు లేరు. ఏమవుద్దో నీ బిడ్డ మీద ప్రయోగం చేసి నేను తెలుసుకోను. పాలిచ్చేటప్పుడైనా తొందరపడకు, మీ డాక్టర్ని అడుగు. ముడత ఎక్కడికీ పారిపోదు."

తలుపు దబదబలాడింది. "ఒక్క ఫొటోకి ఇంతసేపా?"

కారణం చెబితే రహస్యం పోతుంది. చెప్పకుండా కోడలికొక్కదానికే మానేస్తే, మిగతాది ఊహించడానికి సువార్తమ్మ గారికి అర నిమిషం చాలు. బాలకుమారి తలుపు తీసి, కుడిచేయి పైకెత్తి, శాస్త్రోక్తంగా వణికించింది.

"ఇవాళ ఇద్దరికీ వెయ్యలేనండీ. పొద్దుటినించీ ఇదే వరస."

సువార్తమ్మ గారు రెండడుగులు వెనక్కి వేశారు.

ఆదివారానికి వార్త చర్చంతా పాకింది. ముగ్గురు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నారు. సంఘ పెద్ద భీమారావు గారు మోకాళ్లూని, "మా సహోదరి చేతిని ముట్టుము ప్రభువా" అని పేరుపెట్టి మరీ ప్రార్థించారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది బాలకుమారే. ఆపైన ప్రతి ఆదివారం ఆమెన్ అంటూనే జెస్లిన్ కూర్చునే బెంచీ వైపు చూసుకునేది. మూడో ఆదివారం ఆ బెంచీ ఖాళీగా ఉంది. ఆ పూట పాటల పుస్తకం పట్టుకున్న బాలకుమారి చేయి నిజంగానే వణికింది. జెస్లిన్‌కు జలుబట, సాయంత్రానికి తెలిసింది.

కృతజ్ఞత కూడికలో ఆరన్ మైకు పట్టుకుని, జెస్లిన్‌కు పదమూడో వారమని, స్కాన్ బాగుందని చెప్పాడు. చప్పట్ల మధ్య సువార్తమ్మ గారు వేళ్ల మీద వారాలు వెనక్కి లెక్కపెట్టారు. నాలుగో వేలు దగ్గర, క్లినిక్‌కు వెళ్లిన ఆ శుక్రవారం మీద ఆగారు. తిన్నగా వచ్చి బాలకుమారి కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"చెయ్యి నయమైందా బాలా?"

"ప్రార్థన గట్టిదండీ."

ఆ చేతిని వదలకుండానే ఆమెను కుటుంబం ఫొటోలోకి లాక్కుపోయారు.