దోనె అడుగున నాలుగు తూట్లు

ఆరేళ్లుగా ఒక అబద్ధం నా మీద కూర్చుని ఉంది. దించుకుందామంటే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే నోరు విప్పగలుగుతున్నాను. ముందే ఒక మాట. నేను చేసింది పొరపాటు కాదు. తెలిసే చేశాను. చేస్తున్నంతసేపూ నా కడుపు చల్లగా ఉంది.

మాది సిరొంచ తాలూకాలో ఇంద్రావతి ఒడ్డు, పాతగూడెం. వంతెన పడకముందు నది దాటాలంటే మల్లయ్య దోనె ఒక్కటే దిక్కు. ఒకే మద్ది మాను తొలిచి అతను తన చేతులతో చేసుకున్నది. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఒకసారి నీళ్లలోకి దించాక దోనె అడుగుకు ఇనుము తగలకూడదు. నడిపిన మనిషి చనిపోయిన రోజున మాత్రం కొడుకులు దాని అడుగున తూట్లు పొడిచి నదిలో వదిలేస్తారు. మనిషితోపాటు అతని దోనె కూడా పోవాలని. మల్లయ్య తండ్రి పోయినప్పుడు నేను ఒడ్డున నిలబడి చూశాను.

నా పగ ఎక్కడ మొదలైందో చెప్పాలి కదా. నాకు పదహారేళ్లప్పుడు, వానాకాలంలో, అమ్మ నదికి అవతల అమ్మమ్మ ఊళ్లో జ్వరంతో పడిపోయింది. మంచం మీద మోసుకొచ్చి మధ్యాహ్నం అవతలి రేవులో దించాం. దాటిస్తే చాలు, సిరొంచ దవాఖానకు తీసుకుపోవచ్చు. మల్లయ్య నీళ్లవైపు చాలాసేపు చూసి, "గంగమ్మ ఒప్పుకుంటలేదు బిడ్డా" అన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. కదల్లేదు. పొద్దు గూకకముందే అమ్మ పోయింది. మర్నాడు పొద్దున అదే దోనెలో అడవి కాంట్రాక్టరును కూర్చోబెట్టుకుని తెడ్డు వేసుకుంటూ పోయాడు. కాంట్రాక్టరు గొడుగు పట్టుకున్నాడు. ఎర్ర గొడుగు. ఆ గొడుగు సంగతి నేను చెప్పని మనిషి మా ఊళ్లో లేడు.

తర్వాత మా తాలూకా సర్కారు భాష మరాఠీలో చదువుకున్నాను, సిరొంచలో గుమాస్తా నౌకరీ దొరికింది. వంతెన వచ్చింది. మల్లయ్య దోనె ఒడ్డున బోర్లా పడింది. అది చూసి సంతోషపడ్డానా? పడ్డాను. చాలలేదు.

అప్పుడు ముంబయి నుంచి ఒక హోటల్‌వాళ్లు వచ్చారు. ఓడరేవు ఎదురుగా కొత్త హోటలట, గదిగదికీ బొమ్మలు, శిల్పాలు ఉంటాయట. కిందిహాల్లో నిజమైన నది పడవ వేలాడదీస్తారట. మల్లయ్య ఒప్పుకున్నాడు. సముద్రం ముందర తన దోనె ఉంటుందంటే అతనికి గొప్పగా అనిపించింది. ప్రారంభానికి అతన్నీ రమ్మన్నారు, మాట చెప్పడానికి తోడుగా నన్నూ రమ్మన్నారు. మరాఠీ రాని ముసలివాడికి నా నోరే దిక్కయింది. దారి పొడవునా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాను.

హోటల్లో మా ఇద్దరికీ ఇచ్చినలాంటి గది నేను మళ్లీ చూడలేదు. స్నానాలగదిలో కూడా పటమే. మూలన ఇనుప తీగలతో చేసిన శిల్పం ఒకటి ఉంటే మల్లయ్య దాని మీద తడి ధోవతి ఆరేశాడు. మంచం మెత్తగా ఉందని కింద పడుకున్నాడు. తెల్లారి గోడంత అద్దంలోంచి ఓడలను చూసి, "గీ నీళ్లు ఎటు పారుతయ్ బిడ్డా?" అని అడిగాడు. ఎటూ పారవని చెప్పాను. పాపం నీళ్లు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒక్క క్షణం అతను నచ్చాడు కూడా. అది నాకు మింగుడుపడలేదు.

కిందికి దిగాం. దోనె హాల్లో నేల మీద ఉంది. ఆ పని చూసే మేడమ్ మరాఠీలో అడిగింది: పొట్ట కింద నుంచి పట్టీలు వేసి వేలాడదీయాలా, అడుగున బెజ్జాలు చేసి ఇనుప కడ్డీలు బిగించాలా? కడ్డీలైతే చూడ్డానికి బాగుంటుంది, కానీ పెద్దాయన ఏమంటే అదే చేస్తాం అంది. మల్లయ్యకు చెప్పాను. అతను రెండు చేతులూ జోడించాడు.

"తూట్లు పొడవొద్దని చెప్పు బిడ్డా. నేనింకా బతికే ఉన్న."

ఆమె నావైపు చూసింది. నేను మరాఠీలో అన్నాను: "ఇప్పుడది ఉత్త కట్టె, మీకు ఎలా బాగుంటే అలా చేసుకోండి అంటున్నాడు." జోడించిన చేతులు చూసి, దండం పెట్టి అప్పగిస్తున్నాడనుకుంది పాపం. తనూ దండం పెట్టింది.

అతన్ని గదికి తీసుకుపోయి సాయంత్రందాకా ఓడలు చూపించాను. సాయంత్రం దిగేసరికి దోనె గాలిలో ఉంది. అడుగున నాలుగు తూట్లు, నాలుగు కడ్డీలు. అందరూ చప్పట్లు కొట్టారు. మల్లయ్య చేయెత్తి ఒక్కో తూటునూ వేలితో తడిమి చూశాడు.

"నువ్వు చెప్పినవ్ గద బిడ్డా?"

"చెప్పిన పెద్దయ్యా. ఆళ్లే ఒప్పుకోలె."

ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లు బతికానేమో అనిపించింది. ఆనాడు రేవులో అతను నాతో అన్న మాటే అతనికి తిరిగి ఇచ్చాను. ఆ పూట హోటల్లో కడుపునిండా తిన్నాను.

మల్లయ్య ఇప్పటికీ ఉన్నాడు. ముంబయి నుంచి వచ్చాక నదిలో కాలు పెట్టలేదు. మనవరాలి పెళ్లిలో అక్షింతలు చేతికిస్తే, "పోయినోడు అచ్చింతలు ఎయ్యొద్దు" అని పక్కకు జరిగాడు. నేను కనబడితే మాత్రం లేచి నిలబడతాడు. "బొంబాయిల నా తరపున శాన కొట్లాడిండు" అని పదిమందికీ చెబుతాడు. మొదట్లో లోపల నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు వేరే వీధిలోంచి పోతున్నాను. అతనికి చెప్పాలా? చెప్పను. ధైర్యం లేకనా, పగ తీరకనా? పగ ఇంకా ఉంది, అది మాత్రం నిజం.

ఇంకొకటి మిగిలింది. మా రేవు దగ్గర నది నడుమ ఒక బండ ఉంది. అది మునిగితే ఎవరూ పడవ వేయరు. అమ్మను దించిన ఆ మధ్యాహ్నం బండ కనబడలేదు. మర్నాడు పొద్దున, ఎర్ర గొడుగు దాని పక్కనుంచే పోయింది. బండ నడుముదాకా తేలి ఉంది. నేను చూశాను.

గొడుగు గురించి ఊరందరికీ చెప్పాను. బండ గురించి ఇప్పుడే, మీకే చెబుతున్నాను.